ఏ రాజ్యాంగ సవరణ ముఖ్యమైంది? చర్చా పోటీకి ముందు తెలుసుకోవలసిన సంగతులు



నవంబరు 26 రాజ్యాంగ దినోత్సవం. ఆ రోజు మన బడిలో 8, 9, 10 తరగతుల పిల్లలకు చర్చా పోటీ ఉంటుంది. ఈసారి విషయం: "మన రాజ్యాంగానికి జరిగిన సవరణల్లో అన్నిటికన్నా ముఖ్యమైంది ఏది?" ఒక్కో జట్టు ఒక్కో సవరణను ఎంచుకుని దాని తరఫున వాదించాలి. పేర్లు ఇచ్చిన పిల్లలు ఇప్పటికే సోషల్ పుస్తకం ముందేసుకుని కూర్చున్నారు. కొందరు "42వదే గొప్పది సార్, అదే అన్నిటికన్నా పెద్దది" అంటున్నారు. ఇంకొందరు "61వది సార్, మాకు 18 ఏళ్లకే ఓటు ఇచ్చింది కదా" అంటున్నారు. రెండు మాటలూ తప్పు కాదు. కానీ ఒకరు పొడవు కొలుస్తున్నారు, ఇంకొకరు బరువు తూస్తున్నారు. మూరతో కొలిచినవాడు, తక్కెడతో తూచినవాడు ఎంతసేపు వాదించుకున్నా తేలేదేముంది?

అందుకే ఈ వ్యాసం. సవరణ అంటే ఏమిటి, దేన్ని దేనితో పోల్చవచ్చు, ఏ సవరణకు ఏ బలం ఉంది, ఎదుటి జట్టు ఏం అడుగుతుంది అన్నవి ఒకచోట పెడుతున్నాను. పెద్దలు కూడా చదవండి. ఈ సవరణల్లో ఒకటి మన బడి గోడల మధ్యే నడుస్తోంది. దాని సంగతి పిల్లలకన్నా ముందు మనకు తెలియాలి.

సవరణ ఎలా జరుగుతుంది?

మన రాజ్యాంగం 1950 జనవరి 26న అమల్లోకి వచ్చింది. 2023 వరకు 106 సవరణ చట్టాలు వచ్చాయి. సవరించే పద్ధతిని 368వ అధికరణం చెబుతుంది. లోక్‌సభ, రాజ్యసభ రెండూ విడివిడిగా ఆమోదించాలి. ప్రతి సభలోనూ మొత్తం సభ్యుల్లో సగం కన్నా ఎక్కువమంది, హాజరై ఓటు వేసినవారిలో మూడింట రెండు వంతులకు తగ్గకుండా ఒప్పుకోవాలి. మామూలు బిల్లుల మాదిరిగా రెండు సభలు కలిసి కూర్చుని తేల్చుకునే వీలు లేదు. రాష్ట్రపతి ఎన్నిక, కేంద్ర రాష్ట్రాల అధికారాలు వంటి విషయాలైతే, కనీసం సగం రాష్ట్రాల శాసనసభలు కూడా సరే అనాలి. జీఎస్టీ తెచ్చిన 101వ సవరణ ఆ దారిలోనే వచ్చింది.

పిల్లలూ, ఇక్కడ మూడు జాగ్రత్తలు. మొదటిది, సవరణకున్న అంకె వరుస సంఖ్యే కాని ర్యాంకు కాదు. రాజ్యాంగంలో ఒరియా అన్న భాష పేరును ఒడియాగా మార్చడానికి 2011లో ఒక సవరణ అవసరమైంది. అది 96వది. అలాంటి చిన్న మార్పుకీ ఒక నంబరే, దేశాన్ని కుదిపిన మార్పుకీ ఒక నంబరే.

రెండోది, పార్లమెంటు ఆమోదించినంత మాత్రాన ప్రతి సవరణా నిలవదు. న్యాయమూర్తుల నియామకం గురించి తెచ్చిన 99వ సవరణను సుప్రీంకోర్టు 2015లో కొట్టేసింది. ఎందుకంటే, 1973 ఏప్రిల్ 24న కేశవానంద భారతి కేసులో 13 మంది న్యాయమూర్తుల ధర్మాసనం, 7–6 తేడాతో ఒక గీత గీసింది. పార్లమెంటు రాజ్యాంగంలో ఏ భాగాన్నయినా సవరించవచ్చు కాని దాని మౌలిక స్వరూపాన్ని చెరపరాదు. ఇల్లు బాగుచేసుకోవచ్చు, పునాది పీకకూడదు అన్నమాట.

మూడోది చాలామంది పడే గుంట. ఆంధ్ర రాష్ట్రం 1953లో ఏర్పడింది, తెలంగాణ 2014లో ఏర్పడింది. ఇవి రాజ్యాంగ సవరణలు కావు. కొత్త రాష్ట్రం చేయడానికి, సరిహద్దు మార్చడానికి పార్లమెంటు మామూలు చట్టం చాలు. దాన్ని 368వ అధికరణం కింద సవరణగా లెక్కించకూడదని 4వ అధికరణమే చెబుతుంది. చర్చలో తెలంగాణ ఏర్పాటును సవరణల జాబితాలో చేర్చారంటే అక్కడే మార్కులు పోతాయి.

నాలుగు తూకం రాళ్లు

"ముఖ్యం" అన్న మాట వాడేముందు ఏ రాయి వేసి తూస్తున్నారో మొదటే చెప్పండి. నాకు తోచినవి నాలుగు.

ఒకటి, ఎంతమందిని తాకింది? కోట్లమంది జీవితం మారిందా, కొద్దిమందిదా?

రెండు, మాటలో ఎంత బలముంది? "ఇవ్వాలి" అని రాస్తే ఒక లెక్క, "ఇవ్వడానికి ప్రయత్నించాలి" అని రాస్తే ఇంకో లెక్క, "ఇవ్వవచ్చు" అని రాస్తే మరో లెక్క. మొదటిదైతే ఇవ్వకపోతే కోర్టుకు వెళ్లి అడగవచ్చు. చివరిదైతే ఎదురుచూడటమే.

మూడు, దాన్ని తీసేస్తే ఏం కూలుతుంది? కొన్ని సవరణలు తమంతట తాము ఏమీ ఇవ్వవు, మిగతా హక్కులకు కాపలా కాస్తాయి.

నాలుగు, కాగితం దిగి వీధిలోకి వచ్చిందా? ఎన్నేళ్లకు వచ్చింది?

ఈ నాలుగింటిలోనూ నెగ్గే సవరణ ఒక్కటీ లేదు. చర్చలో రుచి ఉన్నది అక్కడే. ఇక ఒక్కొక్కటీ చూద్దాం.

మొదటి సవరణ, 1951

రాజ్యాంగం వచ్చి ఏడాదిన్నర కాకుండానే వచ్చింది. మద్రాసు రాష్ట్రంలో వైద్య, ఇంజినీరింగు కళాశాలల సీట్లను కులాలవారీగా పంచే ఉత్తర్వు ఒకటి ఉండేది. అప్పట్లో మన బళ్లారి జిల్లా కూడా మద్రాసు రాష్ట్రంలోనే ఉంది, కాబట్టి అది మన తాతల కాలపు ఉత్తర్వే. చంపకం దొరైరాజన్ కేసులో 1951 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వు చెల్లదంది. దానికి జవాబుగా పార్లమెంటు 15వ అధికరణానికి నాలుగో క్లాజు చేర్చింది. సామాజికంగా, విద్యాపరంగా వెనుకబడిన తరగతులకు, షెడ్యూల్డు కులాలకు, తెగలకు ప్రత్యేక ఏర్పాట్లు చేయవచ్చని అందులో ఉంది. భూసంస్కరణ చట్టాలను కాపాడటానికి 9వ షెడ్యూలు కూడా అప్పుడే పుట్టింది. మొదట అందులో 13 చట్టాలు ఉండేవి.

బలం: ఈ రోజు కళాశాల సీట్లలో ఉన్న రిజర్వేషన్ల వేరు ఇక్కడుంది. మొదటి తూకంలో దీన్ని మించినవి తక్కువ.

ఎదుటి జట్టు అడిగేది: ఇదే సవరణ 19వ అధికరణంలోని వాక్ స్వాతంత్ర్యం మీద ప్రభుత్వం పెట్టగల ఆంక్షలను కూడా పెంచింది కదా? పైగా మొదటి సార్వత్రిక ఎన్నికలు కూడా జరగకముందే, తాత్కాలిక పార్లమెంటు చేసింది కదా? ఈ ప్రశ్నకు జవాబు సిద్ధం చేసుకోకుండా రాకండి.

42వ సవరణ 1976, 44వ సవరణ 1978

ఈ రెంటినీ విడదీసి మాట్లాడటం కష్టం. మొదటిది అత్యవసర పరిస్థితిలో వచ్చింది, రెండోది దాన్ని సరిదిద్దడానికి వచ్చింది.

42వ సవరణ ప్రవేశికలో సామ్యవాద, లౌకిక అన్న మాటలు, దేశ సమగ్రత అన్న మాట చేర్చింది. ప్రాథమిక విధులను తెచ్చింది. లోక్‌సభ కాలాన్ని ఆరేళ్లకు పెంచింది. కోర్టుల అధికారాలకు కత్తెర వేసింది. సవరణలను ఏ కోర్టూ ప్రశ్నించరాదని రాసుకున్న భాగాన్ని సుప్రీంకోర్టు 1980లో మినర్వా మిల్స్ కేసులో కొట్టేసింది. ఇదే సవరణ విద్యను రాష్ట్ర జాబితా నుంచి ఉమ్మడి జాబితాకు మార్చింది. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, మళ్లీ పని పడుతుంది.

44వ సవరణ లోక్‌సభ కాలాన్ని తిరిగి ఐదేళ్లకు తెచ్చింది. అంతర్గత కల్లోలం అన్న కారణంతో అత్యవసర పరిస్థితి పెట్టే వీలు తీసేసి, సాయుధ తిరుగుబాటు అయితేనే అంది. కేబినెట్ నిర్ణయం రాతపూర్వకంగా రాష్ట్రపతికి అందాలంది. నెలలోగా పార్లమెంటు ప్రత్యేక మెజారిటీతో ఒప్పుకోవాలంది. అన్నిటికన్నా పెద్దది, ఎంత అత్యవసర పరిస్థితి అయినా 20, 21 అధికరణాలను, అంటే ప్రాణానికీ వ్యక్తి స్వేచ్ఛకూ ఉన్న రక్షణను, పక్కన పెట్టరాదంది. 1976లో నిర్బంధంలో ఉన్నవాళ్లు కోర్టుకెక్కితే, అత్యవసర పరిస్థితిలో ఆ తలుపు మూసి ఉందని సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తలుపు మళ్లీ మూయకుండా గడియ పీకేసిన సవరణ ఇది. దీనికి 1979లో ఆమోదముద్ర వేసిన రాష్ట్రపతి నీలం సంజీవరెడ్డి గారు. మన పొరుగున ఉన్న అనంతపురం జిల్లావారు.

బలం: మూడో తూకంలో 44వ సవరణకు సాటి దొరకదు.

ఎదుటి జట్టు అడిగేది: ఇదే సవరణ ఆస్తి హక్కును ప్రాథమిక హక్కుల నుంచి తీసేసి 300ఎ అధికరణంలో మామూలు హక్కుగా పెట్టింది కదా? నిజమే. కానీ అదే చేత్తో ఇంకో పని కూడా చేసింది. 30వ అధికరణంలో ఒక చిన్న క్లాజు చేర్చింది. అల్పసంఖ్యాకుల విద్యాసంస్థ ఆస్తిని ప్రభుత్వం తీసుకోవలసి వస్తే, ఇచ్చే సొమ్ము ఆ సంస్థను నడుపుకునే హక్కును దెబ్బతీసేలా ఉండకూడదని దాని సారాంశం. మన బడి స్థలానికి రక్షణ ఆ ఒక్క వాక్యంలో ఉంది.

61వ సవరణ, 1988

326వ అధికరణంలో ఓటు వయసు 21ని 18గా మార్చింది. 1989 మార్చిలో అమల్లోకి వచ్చింది. రాతలో మారింది ఒక్క అంకె. తాకింది కోట్లమందిని. పదో తరగతి పిల్లలూ, ఇంకో రెండు మూడేళ్లలో మీ పేరు ఓటర్ల జాబితాలోకి ఎక్కేది దీనివల్లే.

ఎదుటి జట్టు అడిగేది: వయోజనులందరికీ ఓటు అన్న మూల నిర్ణయం రాజ్యాంగం రాసిన రోజే జరిగింది కదా, ఇది దాన్ని మూడేళ్లు ముందుకు జరిపిందే కదా?

73, 74 సవరణలు, 1992

73వది గ్రామ పంచాయతీలకు, 74వది పట్టణ పాలక సంస్థలకు. 1993లో అమల్లోకి వచ్చాయి. ఐదేళ్లకోసారి ఎన్నికలు తప్పనిసరి చేశాయి. వాటిని జరిపించడానికి ప్రతి రాష్ట్రంలో ఎన్నికల సంఘం ఉండాలన్నాయి. మహిళలకు మూడో వంతుకు తగ్గకుండా స్థానాలు ఇవ్వాలన్నాయి. మన కర్ణాటకలో పంచాయతీల్లో ఇప్పుడు సగం ఇస్తున్నారు. 11వ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగించదగ్గ 29 విషయాలు రాశారు. ప్రాథమిక, మాధ్యమిక విద్య వాటిలో ఉంది.

బలం: ఒక ఇల్లాలు పంచాయతీ అధ్యక్షురాలై సంతకం పెట్టడం మన పల్లెల్లో ఇప్పుడు వింత కాదు. నాలుగో తూకంలో, అంటే అమలులో, దీనిది మంచి స్థానం.

ఎదుటి జట్టు అడిగేది: ఎన్నిక "జరపాలి" అని రాశారు సరే, అధికారాలు మాత్రం రాష్ట్ర శాసనసభ "ఇవ్వవచ్చు" అనే రాశారు కదా? కుర్చీ ఇచ్చి బీరువా తాళం ఇవ్వకపోతే ఏం లాభం? ఇది గట్టి ప్రశ్న. రెండో తూకం రాయి ఎందుకు పెట్టానో దీనితో తెలుస్తుంది.

86వ సవరణ, 2002

21ఎ అధికరణాన్ని చేర్చింది. 6 నుంచి 14 ఏళ్ల పిల్లలందరికీ ఉచిత, నిర్బంధ విద్య ప్రభుత్వం ఇవ్వాలి. "ప్రయత్నించాలి" కాదు, "ఇవ్వాలి". దీని వెనక 1993 నాటి ఉన్నికృష్ణన్ కేసు ఉంది. ఆ కేసులో ప్రతివాది ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం. పద్నాలుగేళ్లు నిండేదాకా చదువు ప్రాథమిక హక్కేనని సుప్రీంకోర్టు అందులోనే చెప్పింది.

అమలు సంగతి చూడండి. సవరణ 2002లో జరిగింది. దాన్ని నడిపించే విద్యా హక్కు చట్టం 2009లో వచ్చింది. రెండూ అమల్లోకి వచ్చింది 2010 ఏప్రిల్ 1న. 2002లో ఆరేళ్లున్న పిల్ల, హక్కు చేతికి అందేసరికి ఆ వయసు దాదాపు దాటిపోయింది.

పెద్దలకు ఒక మాట. ఈ సవరణ మనకూ ఒక పని పెట్టింది. 6 నుంచి 14 ఏళ్ల బిడ్డకు చదువుకునే అవకాశం కల్పించడం తల్లిదండ్రుల ప్రాథమిక విధి అని 51ఎ అధికరణంలో చేర్చింది. అది 11వ విధి. హక్కు బిడ్డది, బాధ్యత సర్కారుదీ మనదీ.

7వ సవరణ, 1956: మన తరగతి గదిలో ఉన్నది

దీన్ని కావాలనే చివరికి ఉంచాను. చర్చలకు దీన్ని ఎవరూ ఎంచుకోరు. పాఠంలో ఒక్క వాక్యంలో ముగిసిపోతుంది: రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ కోసం చేసిన సవరణ అని. నిజమే, దాని పెద్ద పని అదే. ఎ, బి, సి, డి అని ఉన్న పాత రాష్ట్రాల తరగతులను తీసేసి రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాలు అన్న ఏర్పాటు తెచ్చింది. 1956 నవంబరు 1న అమల్లోకి వచ్చింది.

కానీ గీత గీసినప్పుడు గీతకు అటూ ఇటూ మనుషులు మిగులుతారు. మన జిల్లాకు ఇది కొత్త కాదు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు పాత బళ్లారి జిల్లాలోని ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు అటు వెళ్లాయి. బళ్లారి, మిగతా తాలూకాలు మైసూరు రాష్ట్రంలో కలిశాయి. మైసూరే 1973లో కర్ణాటక అయింది. అటు కన్నడం మాట్లాడేవాళ్లు మిగిలారు, ఇటు తెలుగు మాట్లాడేవాళ్లం మిగిలాం. ఎవరూ ఊరు మారలేదు, రాష్ట్రం మారింది. ఇదే కథ దేశంలో ఎన్నో చోట్ల జరగబోతోందని ఫజల్ అలీ అధ్యక్షతన పనిచేసిన రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ సంఘం 1955 నాటి నివేదికలో గుర్తించింది. మాతృభాషలో ప్రాథమిక విద్యకు రాజ్యాంగంలోనే చోటు ఉండాలని సిఫారసు చేసింది.

ఆ సిఫారసు ఫలితమే 350ఎ, 350బి అధికరణాలు. భాషా అల్పసంఖ్యాక వర్గాల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పడానికి తగిన సదుపాయాలు కల్పించేందుకు ప్రతి రాష్ట్రమూ, ప్రతి స్థానిక సంస్థా ప్రయత్నించాలని 350ఎ చెబుతుంది. అవసరమైతే రాష్ట్రపతి రాష్ట్రాలకు ఆదేశాలు ఇవ్వవచ్చు. 350బి ప్రకారం భాషా అల్పసంఖ్యాకుల కోసం ఒక ప్రత్యేక అధికారి ఉంటారు. వారి నివేదికలు రాష్ట్రపతికి, అక్కడినుంచి పార్లమెంటుకు వెళతాయి. ఆ కార్యాలయం 1957 నుంచి ఉంది.

"తగిన సదుపాయాలు" అంటే ఎన్ని? దీనికి ఒక లెక్క ఉంది. 1949 ఆగస్టులో రాష్ట్రాల విద్యామంత్రుల సమావేశం ఒప్పుకున్న లెక్క అది. బడి మొత్తంలో ఆ భాష పిల్లలు 40 మంది ఉన్నా, ఒక తరగతిలో 10 మంది ఉన్నా, ఆ భాషలో చెప్పడానికి ఒక ఉపాధ్యాయుణ్ని ఇవ్వాలి. 10, 40. ఈ రెండు అంకెలు మన ఇళ్లలో అందరికీ నోటికి రావాలి.

ఇప్పుడు దీన్నీ అవే రాళ్లతో తూద్దాం. పక్షపాతం వద్దు. మొదటి తూకంలో ఇది 61వ సవరణ ముందు నిలవదు. తాకింది దేశంలో కొద్దిమందిని. రెండో తూకంలోనూ తేలికే. "ప్రయత్నించాలి" అనే రాశారు, అదీ ప్రాథమిక దశ వరకే. హైస్కూలు మాట ఎత్తలేదు. ఎదుటి జట్టు ఈ రెండూ అడిగితే ఒప్పుకోండి. ఒప్పుకుని, మూడో రాయి వేయండి. దీన్ని తీసేస్తే ఏం కూలుతుంది? 29, 30 అధికరణాలు మొదటినుంచీ ఉన్నాయి. మన భాషను కాపాడుకోవచ్చు, మన బడి మనం పెట్టుకోవచ్చు అని అవి చెబుతాయి. అంటే బడి కట్టుకునే స్తోమత ఉన్నవాళ్లకు దారి ఉంది. కూలికి వెళ్లే తల్లి బిడ్డకు ప్రభుత్వ బడిలో తెలుగు చెప్పే పంతులు కావాలంటే, ఆమె చూపించగల వాక్యం 350ఎ ఒక్కటే.

2014లో వచ్చిన తీర్పు

ఇక్కడ మన రాష్ట్రం నుంచే వెళ్లిన కేసు ఒకటి చెప్పాలి. 1 నుంచి 4వ తరగతి దాకా మాతృభాషలో గాని కన్నడంలో గాని చెప్పాలని కర్ణాటక ప్రభుత్వం 1994లో ఉత్తర్వు ఇచ్చింది. ప్రైవేటు ఇంగ్లీషు మీడియం బడుల యాజమాన్యాలు కోర్టుకు వెళ్లాయి. 2014 మే 6న సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పింది. అందులో రెండు మాటలు మనకు ముఖ్యం. బిడ్డ మాతృభాష ఏదో నిర్ణయించేది తల్లి తండ్రి. 350ఎ ప్రభుత్వం మీద సదుపాయం కల్పించే బాధ్యత పెడుతుందే కాని, మాతృభాషలోనే చదవాలని బలవంతపెట్టే అధికారం ఇవ్వదు.

ఈ తీర్పు మంచిదా చెడ్డదా అన్నది పిల్లలు వాదించుకోవచ్చు. పెద్దలు మాత్రం దాని అర్థం గ్రహించాలి. తెలుగులో చదివించమని మిమ్మల్ని ఏ చట్టమూ బలవంతపెట్టదు. తెలుగు తరగతి నిలబడటానికి ఆధారం మీ ఎంపికే. ఆ ఎంపిక కాగితం మీద పడితేనే లెక్కకు వస్తుంది. తరగతిలో పదిమంది ఉంటే పంతులును అడగవచ్చు. తొమ్మిదిమంది అయితే అడిగే నోరు చిన్నదైపోతుంది.

ఒకదాని భుజం మీద ఒకటి

చర్చలో చాలామంది సవరణలను కుస్తీ పోటీలో మల్లుల్లా నిలబెడతారు. నిజానికి అవి ఒకదాని భుజం మీద ఒకటి నిలబడి ఉన్నాయి. చూడండి. 1956లో 350ఎ "స్థానిక సంస్థ" కూడా ప్రయత్నించాలంది. అప్పటికి చాలాచోట్ల స్థానిక సంస్థలకు క్రమంగా ఎన్నికలు జరిగే భరోసా లేదు. 1992లో 73, 74 సవరణలు ఆ భరోసా ఇచ్చాయి. అంటే 1956 నాటి మాటను ఎవరిని అడగాలో మనకు తెలిసింది: మన పంచాయతీ సభ్యుణ్ని, మన పాలికె కార్పొరేటర్‌ను. 42వ సవరణ విద్యను ఉమ్మడి జాబితాలో పెట్టింది కాబట్టే, 86వ సవరణ తర్వాత పార్లమెంటు దేశమంతటికీ ఒకే విద్యా హక్కు చట్టం చేయగలిగింది. ఆ చట్టం 29వ సెక్షన్‌లో, వీలైనంతవరకు బోధన బిడ్డ మాతృభాషలో ఉండాలన్న మాట ఉంది. "వీలైనంతవరకు" అన్న పదం మీద రెండో రాయి వేసి చూడండి, ఎంత తేలుతుందో మీకే తెలుస్తుంది.

కాబట్టి ఒక జట్టు 7వ సవరణను ఎంచుకుంటే, 73, 74, 86 సవరణల జట్లు దానికి పూర్తిగా శత్రువులు కారు. "మీ సవరణ లేకపోతే మాది కాగితం మీదే ఉండేది, మాది లేకపోతే మీది మా పిల్లల దాకా వచ్చేది కాదు" అని చెప్పగల పిల్లవాడికి విషయం అర్థమైందని లెక్క.

మరి మీ అభిప్రాయం ఏమిటి సార్ అంటారా?

అడుగుతారని తెలుసు. దేశం మొత్తానికి ఒక్కటే చెప్పమంటే 44వ సవరణ అంటాను. మిగతా సవరణలు ఇచ్చినవన్నీ, ఓటు కానీ, చదువు కానీ, రిజర్వేషన్ కానీ, ఒక్క రాత్రిలో పక్కన పెట్టగలిగితే వాటి విలువ ఎంత? నా దృష్టిలో ఇంటి సామానుకన్నా ఇంటి తలుపు ముఖ్యం. అయితే మన ఊళ్లో, మన భాషలో చదివే పిల్లలకు మొదట నేర్పవలసిన సవరణ ఏదంటే 7వదే అంటాను. అది పెద్దదని కాదు. దాని బలం చట్టం రాసినవాళ్లు పూర్తిగా నింపలేదు, మిగతాది మనం నింపాలని వదిలారు. మనం నింపకపోతే అడిగేవారు లేరు.

పిల్లలూ, పోటీలో నా అభిప్రాయానికి మార్కులు లేవు. దాన్ని పడగొట్టే కారణం తెస్తే ఇంకా సంతోషం.

పోటీకి వచ్చేవారికి

ప్రతి జట్టులో ఇద్దరు. ఒక్కొక్కరికి నాలుగు నిమిషాలు, తర్వాత ఎదుటి జట్టు ప్రశ్నలకు రెండు నిమిషాలు.

మొదటి అర నిమిషంలోనే ఏ తూకంతో కొలుస్తున్నారో చెప్పండి. సంవత్సరం, అధికరణం నంబరు, అది మార్చిన మాట, ఈ మూడూ తప్పు లేకుండా చెప్పండి. "ఈ సవరణ జరగకపోతే ఈ రోజు ఏం ఉండేది కాదు?" అన్న ప్రశ్నకు ఒక్క వాక్యంలో జవాబు ఉండాలి. మీ సవరణ బలహీనత మీరే ముందుగా చెప్పండి. ఎదుటివాడు బయటపెట్టేదాకా ఆగితే అది దాచినట్టు కనిపిస్తుంది. గొంతు పెంచినందుకు మార్కులు ఉండవు. పార్టీల పేర్లు, నాయకుల మీద దూషణ వద్దు, సవరణ గురించే మాట్లాడండి. తెలుగులోనే మాట్లాడాలి. కన్నడ పాఠ్యపుస్తకం నుంచి తెచ్చుకున్న మాట తెలుగులో తోచకపోతే అదే వాడండి, అందరికీ అర్థమవుతుంది.

ఇంట్లో పెద్దలకు

పిల్లలు సాధన చేసేటప్పుడు ఎదురుగా కూర్చోండి. ఎదుటి జట్టు మీరే అవ్వండి. మీకు చట్టం తెలియక్కర్లేదు, "అయితే మనకేంటి?" అని అడిగితే చాలు. ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కున్న పిల్లవాడు వేదిక మీద తడబడడు.

ఇంకో పని కూడా ఉంది. బిడ్డను ఒకటో తరగతిలో చేర్పించేటప్పుడు అడ్మిషన్ ఫారంలో మాతృభాష అన్న గడి ఉంటుంది. తొందరలో ఎవరో నింపేస్తుంటారు, మనం సంతకం పెట్టేస్తుంటాం. ఈసారి ఆ గడి మీరే చూసి నింపండి. ఇంట్లో తెలుగు మాట్లాడితే తెలుగు అని రాయండి. కన్నడం నేర్చుకోవడానికి అది ఏమాత్రం అడ్డు రాదు. మన రాష్ట్రంలో కన్నడం అందరూ నేర్చుకోవాలి, మన పిల్లలు బాగా నేర్చుకుంటున్నారు కూడా. 10 అన్న అంకె, 40 అన్న అంకె ఆ గడిలోంచే లెక్కకు వస్తాయి. బి.ఇ.ఓ. ఆఫీసుకు ఉపాధ్యాయుడి కోసం అర్జీ పట్టుకెళ్లినప్పుడు మా చేతిలో ఉండే సాక్ష్యం అదే.

పోటీకి పేర్లు ఇవ్వడానికి నవంబరు 15 ఆఖరు తేదీ. మీ తరగతి ఉపాధ్యాయుల దగ్గర పేరు, ఎంచుకున్న సవరణ నంబరు రాయించండి. ఒకే సవరణను రెండు జట్లు ఎంచుకుంటే ముందు ఇచ్చినవారికే. 7వ సవరణకు ఇంకా ఎవరూ పేరు ఇవ్వలేదు.